యాక్సెస్ ఫారంలో పాటలు, వీడియోలు వినిపించే విధానం

మా పర్లాకిమిడిలో పెద్దవాళ్లు పాడే దంపుళ్ల పాటలను, పెళ్లిపాటలను రికార్డు చేసి, ఎవరు పాడారో, ఏ ఊరివారో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేస్తున్నాము. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజనుల నోటి మాటను విని అక్షరబద్ధం చేసిన ఊరు ఇది గనుక, వివరం పక్కనే గొంతు కూడా వినిపించాలన్నది మా పట్టుదల.

పాటను నేరుగా టేబుల్‌లోకి ఎక్కించవద్దు. యాక్సెస్ ఫైలు 2 జీబీకి మించి పెరగదు. సీడీ నాణ్యత గల వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 ఎంబీ తీసుకొంటుంది గనుక, ఫైలునే టేబుల్ లోపల దాచుకొనే ఓఎల్ఈ ఫీల్డులో పెడితే మూడున్నర గంటల పాటలు కూడా పట్టవు. డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌లోనే పాటలకు మరొక ఫోల్డర్ పెట్టి, టేబుల్‌లో ఫైలు పేరు మాత్రమే రాయండి. పూర్తి చిరునామా రాస్తే, పెన్‌డ్రైవ్‌లో బరంపురం తీసుకువెళ్లి మరో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు డ్రైవ్ అక్షరం మారి ఏ పాటా దొరకదు. చిరునామా ముందుభాగాన్ని, డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ను తెలిపే కరెంట్‌ప్రాజెక్ట్ పాత్ నుంచి కోడ్‌లోనే కలుపుకోవాలి. పాట పేరు తెలుగులో వేరే ఫీల్డులో ఉండవచ్చు గాని, ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతోనే ఉండాలి. యాక్సెస్‌లో కోడ్ రాసే భాష వీబీఏ; ఫైలు ఉందో లేదో చూసే దాని డిర్ ఫంక్షన్ తెలుగు లిపి పేర్లను సరిగా గుర్తించదు.

తరువాత రికార్డులను చూపే ఫారంను, దాని రూపం మార్చుకొనే డిజైన్ వ్యూలో తెరిచి, ఫారంలో అమర్చుకొనే బయటి ప్రోగ్రాం భాగాలైన యాక్టివ్‌ఎక్స్ కంట్రోళ్ల జాబితా నుంచి విండోస్ మీడియా ప్లేయర్‌ను చేర్చండి. వీడియోలకూ ఇదే చాలు. ఫారం తెరుచుకొనేటప్పుడే ఆటోస్టార్ట్‌ను ఫాల్స్ చేయండి. లేకపోతే రికార్డు మారినప్పుడల్లా అడగకుండానే పాట మొదలవుతుంది.

అసలు పని, రికార్డు మారినప్పుడల్లా నడిచే ఆన్ కరెంట్ ఈవెంట్‌లో ఉంది. ఫైలు పేరు ఉందో లేదో, ఆ ఫైలు ఫోల్డర్‌లో ఉందో లేదో డిర్‌తో చూసి, ఉంటేనే ప్లేయర్ యూఆర్ఎల్‌కు పూర్తి చిరునామా ఇవ్వాలి. లేకపోతే ప్లేయర్‌ను ఆపి, యూఆర్ఎల్‌ను ఖాళీ చేయాలి. ఈ రెండో భాగాన్ని దయచేసి వదిలిపెట్టకండి: పాట లేని రికార్డుకు వచ్చాక కూడా వెనుకటి పాట మోగుతూ ఉంటే, వినేవారు ఒక అవ్వ గొంతును మరో అవ్వదనుకొంటారు, సేకరణలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. ఫారం మూసేటప్పుడు కూడా ప్లేయర్‌ను ఆపే వరుస ఒకటి అన్‌లోడ్ ఈవెంట్‌లో రాయండి.

కొత్త కంప్యూటర్‌లో పాట పలకకపోతే, ముందుగా డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ను ట్రస్టెడ్ లొకేషన్‌గా, అంటే యాక్సెస్ నమ్మే చోటుగా, చేర్చారో లేదో చూడండి. చేర్చనంతవరకు యాక్సెస్ ఈ కోడ్‌ను నడవనివ్వకపోవచ్చు.