బెంగళూరు డాబా మీద గోటు మౌంట్ అలైన్‌మెంట్

గోటు మౌంట్ అంటే మనం ఎంచుకున్న చుక్క వైపు టెలిస్కోప్‌ను మోటార్లతో తానే తిప్పే స్టాండు. ముందుగా దానికి తెలిసిన చుక్కలు చూపి దిక్కు నేర్పాలి, అదే అలైన్‌మెంట్. దాని గురి తప్పితే మోటార్లు పాడయ్యాయనుకునేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు తప్పు హ్యాండ్ కంట్రోలర్‌లో కొట్టిన అంకెల్లోనో, ఎంచుకున్న చుక్కల్లోనో ఉంటుంది. కింద చెప్పేది నెక్స్‌స్టార్, సిన్‌స్కాన్ (గోటు బ్రాండ్లు) తరహా ఆల్ట్-అజిముత్ మౌంట్లకు, అంటే పైకీ కిందికీ, పక్కలకూ తిరిగేవాటికి.

ఫైండర్ (ట్యూబ్ మీద ఉండే, గురి చూసే చిన్న పరికరం) సంగతి పగలే తేల్చుకోండి. కనీసం అర కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్ కొననో, వాటర్ ట్యాంక్ అంచునో ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యకు తెచ్చి, ఫైండర్ మరలు తిప్పి అదే బిందువు మీదికి తేవాలి. సూర్యుడున్న వైపు మాత్రం ట్యూబ్ తిప్పొద్దు, కన్ను పోతుంది. కరెంటుకు ఎనిమిది ఏఏ సెల్స్‌ను నమ్ముకోకండి. వోల్టేజి తగ్గగానే కంట్రోలర్ రీసెట్ అవుతుంది, లేదా ‘నో రెస్పాన్స్’ అంటుంది. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ అయితే నిశ్చింత.

ట్రైపాడ్‌ను స్లాబ్ నడిమధ్యలో పెట్టొద్దు, ఎవరు అడుగేసినా బొమ్మ ఊగుతుంది. కింద స్తంభమో దూలమో ఉన్నచోట నిలబెట్టి, బబుల్ లెవెల్‌తో మట్టం చూడండి.

ఇక అంకెలు. నగరం నడిబొడ్డుకి 12°58′ ఉత్తరం, 77°35′ తూర్పు సరిపోతుంది. రేఖాంశం దగ్గర పడమర అని ఉండిపోతే ఆకాశమే తారుమారవుతుంది. తేదీలో చాలా కంట్రోలర్లు నెలను ముందు అడుగుతాయి. టైమ్ జోన్ +5:30, డేలైట్ సేవింగ్ ‘నో’. అరగంట జోన్ లేని పాత కంట్రోలర్ అయితే జోన్ +5 పెట్టి, గడియారాన్ని 30 నిమిషాలు వెనక్కి కొట్టండి. లెక్క అదే అవుతుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఈ అరగంటను వదిలేస్తే ఏడున్నర డిగ్రీల తేడా.

చుక్కల ఎంపికలో మన అక్షాంశానికో చిక్కుంది. రోహిణి (ఆల్డెబరాన్), మఖ (రెగ్యులస్), స్వాతి (ఆర్క్‌ట్యూరస్), శ్రవణం (ఆల్టెయిర్) ఇక్కడ దాదాపు నడినెత్తి మీదుగా పోతాయి. అంత ఎత్తున అజిముత్ (ఉత్తరం నుంచి పక్కకు కొలిచే కోణం) కొద్దిగా కదిలినా, బాగా కదిలినా చుక్క అక్కడే ఉన్నట్టుంటుంది, మౌంట్‌కి దిశ సరిగా తెలియదు. 25 నుంచి 65 డిగ్రీల ఎత్తులో, అజిముత్‌లో 60 డిగ్రీలకు పైగా దూరంలో ఉన్న రెండు చుక్కలు తీసుకోండి. సరిగ్గా ఎదురెదురుగా ఉన్నవి వద్దు. జనవరి మొదటి వారంలో రాత్రి ఎనిమిదిన్నరకు ఆగ్నేయాన లుబ్ధకుడు (సిరియస్), ఈశాన్యాన బ్రహ్మహృదయం (కాపెల్లా) ఉంటాయి. అంతకన్నా మంచి జత అక్కర్లేదు. గురుగ్రహాన్ని చుక్క అనుకోకండి.

‘టూ స్టార్’ పద్ధతి ఎంచుకుని, ముందు 25 మి.మీ. ఐపీస్‌తో మధ్యకు తెచ్చి, తర్వాత 10 మి.మీ. పెట్టండి. ఫోకస్ కాస్త చెడగొడితే చుక్క గుండ్రని బిళ్లలా విచ్చుకుంటుంది, మధ్య ఎక్కడో తేలిగ్గా తెలుస్తుంది. చివరి కదలిక ఎప్పుడూ పైకి, కుడికి బాణం మీటలతోనే ముగించాలి. గేర్ల పళ్ల మధ్య ఖాళీ ఉంటుంది. ఒకే వైపు నుంచి వచ్చి ఆగితే ఆ ఖాళీ వల్ల వచ్చే తప్పు పోతుంది. చుక్కను దాటేసి వెనక్కి వచ్చారా, మళ్లీ కిందికి, ఎడమకి దింపి మొదటినుంచి రండి.

మొదటి చుక్కకి మౌంట్ ఎటో పోయినా కంగారు వద్దు, దానికింకా దిక్కు తెలియదు. రెండో చుక్క మాత్రం ఫైండర్‌లో పడాలి. పడలేదంటే మొదటి చుక్కే తప్పు, లేదా సమయం, స్థలం, మట్టం మళ్లీ చూడాలి. అలైన్ అయ్యాక క్లచ్ వదులు చేసి చేత్తో తోస్తే చేసిందంతా పోతుంది. అలా తోయడానికి వీలున్నది అక్షాలకు విడిగా ఎన్‌కోడర్లు (ఎంత తిరిగిందో కొలిచేవి) ఉన్న మోడళ్లలోనే.

ఈక్వటోరియల్ మౌంట్ (ఒక అక్షాన్ని ధ్రువం వైపు గురిపెట్టేది) వాడేవాళ్లకి ధ్రువ నక్షత్రం ఇక్కడ 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అపార్ట్‌మెంట్లు అడ్డొస్తాయి. కొనేముందు అక్షాంశం స్కేలు 13 వరకు దిగుతుందో లేదో చూడండి. దిగినా కౌంటర్‌వెయిట్ (టెలిస్కోప్‌కు ఎదురు బరువు) కడ్డీ ట్రైపాడ్ కాలికి తగలొచ్చు. మోటార్ ఆన్ చేయకముందే చేత్తో తిప్పి సరిచూసుకోవాలి.