పక్షవాతం వార్డులో ‘స్టడీ’ సంతకం అడిగితే

వరంగల్‌లో పక్షవాతం పేషెంట్ల మీద జరిగే పరిశోధనలకు కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. వార్డు బయట ఇంటివాళ్లను కూర్చోబెట్టి సమ్మతి పత్రం చదివి వినిపించడం నా పని. నర్సంపేట నుంచో పరకాల నుంచో రాత్రికి రాత్రి పేషెంట్‌ను తెచ్చిన కొడుకులు మొదట అడిగేది ఒకటే: “మా నాయన మీద ప్రయోగం చేస్తరా మేడం?” ఆ భయం న్యాయమైనదే. అందుకే సంతకానికి ముందు ఏం చూసుకోవాలో చెబుతున్నాను.

ముందు వైద్యం, తర్వాతే కాగితం. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. 1995లో వెలువడిన అమెరికా స్టడీ మూడు గంటల్లోపు ఇస్తే మేలని తేల్చింది, 2008లో యూరప్ స్టడీ ఆ గడువును నాలుగున్నరకు పెంచింది. ఆ స్టడీల్లో చేరిన కుటుంబాల వల్లే ఈరోజు మనవాళ్లకు ఆ గంటన్నర ఎక్కువ దొరుకుతోంది. “స్టడీలో చేరకపోతే మామూలుగా ఇచ్చే వైద్యం ఏమన్నా తగ్గుతుందా?” అని సూటిగా అడగండి. తగ్గదనే జవాబే రావాలి.

పొద్దున లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, లేచిన టైమ్ చెప్పకండి. రాత్రి చివరిసారి మామూలుగా మాట్లాడింది ఎప్పుడో చెప్పండి, గంటలు అప్పటి నుంచే లెక్కేస్తారు. పసరు మందు తాగించి ఉంటే అదీ దాచొద్దు, ఎవరూ తిట్టరు.

పత్రం తెలుగులో అడగండి. చదువు రానివాళ్లయితే స్టడీ టీమ్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచీ పక్కన ఉండాలి, వేలిముద్ర వేసేటప్పుడు పిలిస్తే చాలదు. పేషెంట్‌కు మాట పడిపోయినా అర్థమవుతుంటే ఆయన్నే అడగాలి. తల ఊపడం కూడా జవాబే. అర్థం చేసుకునే స్థితిలో లేనప్పుడే ఇంటివాళ్ల సంతకం.

చదవడం అయిపోయాక “ఇప్పుడు మీరు నాకు చెప్పండి” అంటాను. ఒక కోడలు ఇలా చెప్పింది: “కొత్త మందో, ఉత్త గోలీనో చీటీ ఏసినట్టు వస్తది. ఏది వచ్చిందో డాక్టర్‌కు సుత తెల్వది. పాత మందులు మాత్రం ఆపరు.” ఆ స్టడీ మొత్తం ఆ నాలుగు ముక్కల్లో ఉంది. మీరు అలా చెప్పలేకపోతే ఇంకోసారి చదివించుకోండి, మొహమాటం వద్దు.

సీటీఆర్ఐ (దేశంలో జరిగే ఇలాంటి స్టడీలను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్టర్) రిజిస్ట్రేషన్ నంబర్, పేషెంట్ల హక్కులు కాపాడే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ రాసుకోండి. స్టడీ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఎవరు ఇస్తారో మందుల ప్రయోగాలపై కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం పత్రంలో ఉండాలి. సంతకం పెట్టిన కాపీ ఒకటి మీ చేతికి రావాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

కొత్తది కాబట్టి మంచిదే అయి ఉంటుందని మాత్రం అనుకోవద్దు. ఇంటివాళ్లకు నేర్పి ఇంట్లోనే వ్యాయామం చేయిస్తే పేషెంట్ త్వరగా కోలుకుంటాడా అని మన దేశంలో 14 ఆస్పత్రులు 1250 మందితో చూశాయి. ఆరు నెలలకు తేడా కనిపించలేదని 2017లో ప్రచురించారు. అది తెలియడమూ అవసరమే, లేకపోతే ఫలితం రాని పద్ధతి మీద డబ్బూ ఓపికా ఖర్చయ్యేవి.

చాలా స్టడీల్లో అసలు లెక్క 90వ రోజు ఫోన్‌లో తేలుతుంది. పేషెంట్ ఎంత కోలుకున్నాడో సున్నా నుంచి ఆరు దాకా ఒక అంకె వేస్తాం: ఏ ఇబ్బందీ లేకపోతే సున్నా, చనిపోతే ఆరు, మధ్యలో మిగతావాళ్లు. “మంచిగనే ఉన్నడు మేడం” అంటే ఏ అంకె వేయాలో నాకు తెలియదు. లుంగీ ముడి తనే వేసుకుంటున్నాడా? బాత్రూమ్‌కు ఎవరైనా పట్టుకుని తీసుకెళ్లాలా? అన్నం ఏ చేత్తో కలుపుకుంటున్నాడు? కిరాణా కొట్టుకు ఒక్కడే వెళ్లి లెక్క సరిగ్గా తెస్తున్నాడా? ఫోన్ వచ్చేలోపు ఇవి గమనించి పెట్టుకోండి. కష్టంగా ఉంటే కష్టంగా ఉందనే చెప్పండి. మమ్మల్ని సంతోషపెట్టడానికి బాగుందంటే మందు పనిచేసిందని తప్పు లెక్క పడుతుంది.

సిమ్ మార్చినా, పేషెంట్‌ను కరీంనగర్‌లో బిడ్డ ఇంటికి పంపినా మాకు ఒక్క ఫోన్ చేయండి. ఇంట్లో ఇంకొకరి నంబర్ కూడా ఇచ్చి వెళ్లండి.