ఆకాశం చదువుదాం – 4వ పాఠం: చుక్కా, గ్రహమా?

కిందటి పాఠంలో చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలని చెప్పుకున్నాం. ధ్రువనక్షత్రం ఎత్తు కొలవమన్నాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి రెండు పిడికిళ్ళకి కాస్త తక్కువ వచ్చి ఉండాలి. ఒకటే వచ్చిందంటే మోచేయి వంగిందన్నమాట, మళ్ళీ కొలవండి.

ఈసారి ఫోన్‌లో యాప్ తెరవకుండా, ఆకాశంలో మెరిసేది చుక్కో గ్రహమో చెప్పడం నేర్చుకుందాం. గుర్తు అందరికీ తెలిసిందే: చుక్క మిణుకుమంటుంది, గ్రహం నిలకడగా వెలుగుతుంది. ఎందుకని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. కారణం తెలియకపోతే ఈ గుర్తు ఎక్కడ మోసం చేస్తుందో కూడా తెలియదు.

మే నెల మధ్యాహ్నం తారురోడ్డు మీద దూరంగా వచ్చే బస్సును చూశారా? వంకర్లు తిరుగుతూ కనిపిస్తుంది. వణికేది బస్సు కాదు, మధ్యలో ఉన్న గాలి. వేడిగాలి, చల్లగాలి కలగలిసి కదులుతుంటే వాటిలోంచి వచ్చే వెలుగు క్షణానికోలా వంగుతుంది. మన నెత్తి మీదా అదే గాలి. చుక్క వెలుగు కోట్ల కోట్ల కిలోమీటర్లు తిన్నగా వచ్చి, చివరి కొద్ది కిలోమీటర్లలో తడబడుతుంది.

మరి గ్రహం వెలుగు వచ్చేదీ ఆ గాలిలోంచే కదా? తేడా అంతా సైజులో ఉంది. గురుగ్రహం మన కంటికి ఎంత ఉంటుందంటే, రూపాయి బిళ్ళను 110 మీటర్ల దూరంలో పట్టుకున్నంత. రాత్రి ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన చుక్క సిరియస్ కావాలంటే అదే బిళ్ళను 750 కిలోమీటర్ల దూరంలో పెట్టాలి. దాదాపు విశాఖ నుంచి తిరుపతికి రోడ్డు దూరం! మనకు రెండూ చుక్కల్లాగే కనిపిస్తాయి గానీ, ఒకటి చిన్న బిళ్ళ, రెండోది ఉత్త సూదిమొన.

రేకుల షెడ్డు కింద నిలబడి వాన మొదలవడం విన్నవాళ్ళకి మిగతాది తేలిక. మొదటి చినుకులు టప్... టప్... అని విడివిడిగా వినిపిస్తాయి. వాన పెరిగాక చినుకులేవీ ఆగవు, కానీ అన్నీ కలిసి ఒకే హోరు అవుతుంది. గ్రహం బిళ్ళలో ప్రతి బిందువూ మిణుకుమంటూనే ఉంటుంది. ఒకటి తగ్గిన క్షణంలో ఇంకోటి పెరుగుతుంది, మొత్తం మీద వెలుగు నిలబడుతుంది. సూదిమొనకి ఆ సర్దుబాటు లేదు.

ఇప్పుడు మోసం సంగతి. నడినెత్తిన ఉన్నదాని వెలుగు దాటే గాలి కంటే, మూడు పిడికిళ్ళ ఎత్తులో ఉన్నదాని వెలుగు దాటే గాలి రెట్టింపు. దిగంతం దగ్గరైతే సుమారు 40 రెట్లు. అంత గాలిలో గ్రహాలు కూడా కాస్త వణుకుతాయి. అందుకే రెండు పిడికిళ్ళ కంటే కిందున్నవాటి మీద తీర్పు చెప్పకండి, పైకి వచ్చేదాకా ఆగండి. ఒకసారి పక్కింటాయన హడావిడిగా ఫోన్ చేసి, "తూర్పున ఎవరో డ్రోన్ ఎగరేస్తున్నారండీ, ఎర్ర లైటు, ఆకుపచ్చ లైటు!" అన్నారు. డాబా ఎక్కి చూస్తే సిరియస్. కింద ఉన్నప్పుడు గాలి దాని వెలుగును రంగులుగా విడదీస్తుంది, ఒక్కో రంగూ ఒక్కో క్షణంలో కంటికి తగులుతుంది. ఆయన ఇప్పటికీ నన్ను పూర్తిగా నమ్మలేదనుకోండి.

పెద్ద టెలిస్కోపులకీ ఈ గాలితో తలనొప్పే. 1990లో పైకి పంపిన హబుల్ అద్దం వెడల్పు 2.4 మీటర్లు. తమిళనాడులోని కావలూరు టెలిస్కోపుదీ 2.34. అద్దాల్లో పెద్ద తేడా లేదు, కానీ హబుల్ ఉన్నది గాలికి పైన.

అనుమానం తీరకపోతే రెండో పరీక్ష ఉంది. గ్రహాలన్నీ సూర్యుడు, చంద్రుడు నడిచే దారికి దగ్గర్లోనే తిరుగుతాయి. ఉత్తరాన సప్తర్షి మండలంలో ఎంత మెరిసేది కనిపించినా గ్రహం కాదు. ఆ దారిలోనూ నాలుగు పెద్ద చుక్కలున్నాయి: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. పంచాంగం చూసేవాళ్ళకి పాత పరిచయాలే. జ్యేష్ఠ ఎర్రగా ఉండి కుజుడిలా భ్రమపెడుతుంది. దాని గ్రీకు పేరు అంటారెస్‌కి అర్థమే కుజుడి పోటీదారు. ఇంకో సంగతి, వేగుచుక్క పేరులో చుక్క ఉన్నా అది శుక్రగ్రహం.

ఇంటిపని: సంక్రాంతి రోజుల్లో రాత్రి 7 గంటలకు ఆగ్నేయం వైపు చూడండి. మృగశిర బొమ్మ నడుములో వరుసగా ఉన్న మూడు చుక్కల గీతను కిందికి పొడిగిస్తే సిరియస్ దొరుకుతుంది. ఎత్తు ఎన్ని పిడికిళ్ళో, ఏయే రంగులు కనిపించాయో రాసుకోండి. 10 గంటలకి మళ్ళీ చూడండి. అప్పటికి అయిదు పిడికిళ్ళ ఎత్తుకి చేరి ఉంటుంది. రంగులు ఏమయ్యాయి? ఆ కాగితం దాచిపెట్టండి, అయిదో పాఠంలో చుక్కల అసలు రంగుల గురించి చెప్పుకునేటప్పుడు దానితో పని ఉంది.