బీన్ బ్యాగ్ దిగబడిపోతోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

షాపులో అయిదు నిమిషాలు కూర్చుంటే ఏ బీన్ బ్యాగ్ అయినా హాయిగానే ఉంటుంది. అసలు సంగతి ఇంటికొచ్చిన కొన్ని నెలలకి తెలుస్తుంది. ఇబ్బంది మొదలవగానే చాలామంది కంపెనీని తిట్టుకుని ఇంకోటి ఆర్డర్ పెట్టేస్తారు. ముందు లోపలున్న సరుకు సంగతి చూడాలి. బీన్స్ అంటాం కానీ అవి గింజలు కావు, ఉబ్బించిన థర్మోకోల్ గుళికలు. వాటిలో ఎక్కువ భాగం గాలే. 1968లో ఇటలీలో గాత్తి, పావొలీని, తెయొదోరో అనే ముగ్గురు డిజైనర్లు జనొట్టా అనే ఫర్నిచర్ సంస్థకి చేసిన ‘సాకో’ అనే బీన్ బ్యాగ్ కుర్చీ నుంచి ఈరోజు దాకా సూత్రం ఒక్కటే. కుర్చీకి సొంత ఆకారం ఉండదు, మనం ఎలా కూర్చుంటే అలా సర్దుకుంటుంది. కాబట్టి సుఖమంతా లోపల ఎన్ని గుళికలున్నాయి, అవి కదలడానికి ఎంత చోటుంది అన్నదాని మీదే ఉంటుంది.

కూర్చుంటే నేల తగులుతోంది

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. కారణాలు రెండు. మొదటిది, అసలే తక్కువ నింపి ఇవ్వడం. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించేవి చాలావరకు ఖాళీ కవర్లే, బీన్స్ విడిగా కొనుక్కోవాలి. డబుల్ ఎక్సెల్ సైజుకి సుమారుగా రెండు నుంచి రెండున్నర కిలోలు పడతాయి. ఒక కిలో ప్యాకెట్ పోసి ఊరుకుంటే సంచీ సగం కూడా నిండదు. రెండోది, వాడగా వాడగా గుళికల్లో గాలి పోయి అవి చప్పబడటం. ఏది కారణమో తేల్చుకోవడం తేలికే. ఒక గుళిక తీసి వేళ్ల మధ్య నొక్కండి. వదలగానే మళ్లీ ఉబ్బితే సరుకు బాగుంది, పరిమాణమే చాలలేదు. అప్పడంలా అలాగే ఉండిపోతే పాతబడినట్టు. విరిగిన ముక్కలు, పొడి కనిపిస్తే మాత్రం పాత థర్మోకోల్‌ని పొడిచేసి నింపారని అర్థం. దాని మీద కొత్తవి పోసి లాభం లేదు, మొత్తం మార్చాల్సిందే.

పాతవి బాగానే ఉంటే అరకిలో చొప్పున కలుపుతూ, కూర్చుని చూసుకుంటూ వెళ్లండి. ఈ నింపే పనే పెద్ద టెన్షన్. స్టాటిక్ కరెంటు వల్ల గుళికలు చేతులకి, గోడలకి, జుట్టుకి అతుక్కుంటాయి. ఫ్యాన్ ఆపి, తలుపు మూసిన బాత్‌రూమ్‌లో పెట్టుకోవడం మేలు. రెండు లీటర్ల వాటర్ బాటిల్‌కి అడుగూ మూతి వైపూ కోసేసి, ఒక చివర బీన్స్ ప్యాకెట్‌కి, రెండో చివర సంచీ మూతికి టేపుతో బిగిస్తే కింద పడకుండా జారతాయి. చేతులు కాస్త తడి చేసుకోండి. ముప్పావు వంతు నిండాక ఆపేయాలి. నిండా కుక్కితే బంతిలా గట్టిపడి మనిషిని పక్కకి దొర్లిస్తుంది. కొత్తది గట్టిగా ఉందంటే కూడా ఇదే సమస్య, కొంచెం తీసేస్తే సరి.

నడుము, మెడ పట్టేస్తున్నాయి

సైజు చాలకపోతే వీపు పైభాగానికి, తలకి ఆసరా ఉండదు. సైజు అక్షరాలని నమ్మకండి. ఒక కంపెనీ ఎక్సెల్ ఇంకో కంపెనీ ఎల్ అంత ఉంటుంది. వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో చూసి కొనండి. గుండ్రటి దానికన్నా వెనక వైపు ఎత్తుగా ఉండే నీటిచుక్క ఆకారం నయం. కూర్చునే ముందు గుళికలని వెనక్కి తోసి, మధ్యలో కూర్చోండి. ఇంత చేసినా, రోజంతా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆఫీసు పని చేస్తే నడుము నొప్పి తప్పదు. ఇది టీవీకి, పుస్తకానికి, కాసేపు కునుక్కి పనికొచ్చే వస్తువు. పనికి మామూలు కుర్చీయే కావాలి.

పెద్దవాళ్లు లేవలేకపోతున్నారు

దీనికి పరిష్కారం లేదు. కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా పైకి వస్తాయి, లేవడానికి పట్టుకోను చేతులుండవు. అమ్మానాన్నల కోసమైతే కొనకండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి అసలే వద్దు.

చెమట, పెచ్చులు, వాసన

ఇవన్నీ రెక్సిన్ తెచ్చే తంటాలు. విజయవాడ మే నెలలో దాని మీద కూర్చుంటే వీపు అతుక్కుపోతుంది. కాటన్, డెనిమ్ లేదా కాన్వాస్ కవర్ తొడిగితే చాలు, పాత దుప్పటి పరిచినా ఫరవాలేదు. పెచ్చులు లేవడం మొదలైతే జిగురు పూసి ఆపలేం. కవర్ ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది, లోపలి బీన్స్ అవే వాడొచ్చు. వానాకాలంలో సంచీ ఒకేచోట ఉంటే అడుగున చెమ్మ చేరి బూజు వాసన వస్తుంది. అప్పుడప్పుడు ఎత్తి, నీడలో గాలి తగలనివ్వండి. మరకలకి థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే అవి లోపలికి ఇంకి గుళికలని కరిగించేస్తాయి. సబ్బునీటి గుడ్డతో తుడవండి. దోమల చక్రం, అగరబత్తి దగ్గర పెట్టకండి, థర్మోకోల్ తేలిగ్గా అంటుకుంటుంది.

గుళికలు బయటికొస్తున్నాయి

కుట్టు విడితే టేపు నాలుగు రోజులే ఆగుతుంది. మందపాటి దారంతో రెండు వరసలు కుట్టించండి. కొనేటప్పుడే గుళికలకి లోపల విడిగా సంచీ ఉన్నది చూసుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

జిప్ తెరుచుకుంటుంటే మాత్రం వెంటనే చూడాలి, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంట్లో. పిల్లలు లోపలికి దూరితే గుళికలు ముక్కులోకి, గొంతులోకి పోయి ఊపిరాడదు. అమెరికాలో ఇలా ఇద్దరు పిల్లలు చనిపోయాక 2014లో దాదాపు 22 లక్షల బీన్ బ్యాగ్‌లని వెనక్కి పిలిపించారు. మీ జిప్‌కి లాగే పిడి ఉంటే దాన్ని తీసేసి, జిప్ మీద నాలుగు కుట్లు వేయించండి. ఏడాది లోపు పసివాళ్లని దాని మీద పడుకోబెట్టకండి. నేల మీద చెల్లాచెదురైన గుళికలని చీపురుతో ఊడిస్తే ఇల్లంతా ఎగురుతాయి. తడిగుడ్డతో అద్దండి, లేదా వ్యాక్యూమ్ క్లీనర్ మూతికి పాత సాక్స్ తొడిగి లాగండి.