గుయిలిన్‌లో రెండు రోజులు: పొద్దున కొండలు, మధ్యాహ్నం గుహ, రాత్రి చెరువులు

దక్షిణ చైనాలో గ్వాంగ్షీ ప్రాంతంలో ఉన్న గుయిలిన్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది ఒక రాత్రి అక్కడ పడుకుని, తెల్లారగానే లీ నది మీద పడవెక్కి యాంగ్షువో అనే ఊరికి వెళ్లిపోతారు. ఆ పడవ ప్రయాణం బాగుంటుంది, కాదనను. కానీ గుయిలిన్‌ని అలా వదిలేసి వెళ్తున్నారంటే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఊరి నడిబొడ్డున చెరువులు, వీధి చివర నిటారుగా లేచిన కొండలు, వాటి పొట్టలో గుహలు, అన్నీ సిటీ బస్సులో తిరిగొచ్చే దూరంలోనే ఉన్నాయి. అందుకే ఊరికి కనీసం రెండు నిండు రోజులు కేటాయించండి. ఆ రెండు రోజుల్లో ఏం చూడాలన్నది ఏ యాప్‌లో చూసినా తెలుస్తుంది, ఏది ఏ పూట చూడాలన్నదే అసలు విషయం. కొండలు పొద్దున్నే, గుహ మధ్యాహ్నం, చెరువులు చీకటి పడ్డాక. ఈ ఒక్కటి పాటిస్తే చాలు, సగం అలసట తగ్గిపోతుంది.

ముందు ప్రయాణం సంగతి. మన పాస్‌పోర్టుకి వీసా తప్పనిసరి. మధ్యలో ఆగిపోయిన టూరిస్టు వీసాలు 2025 జులై నుంచి మళ్లీ ఇస్తున్నారు, ఆ అక్టోబరు చివర్లో కోల్‌కతా నుంచి గ్వాంగ్జౌకి నేరుగా విమానాలు కూడా మళ్లీ మొదలయ్యాయి. గ్వాంగ్జౌ సౌత్ స్టేషన్లో బుల్లెట్ ట్రైన్ ఎక్కితే రెండున్నర నుంచి మూడు గంటల్లో గుయిలిన్‌లో దిగుతారు. ట్రైన్ టికెట్ మీ పాస్‌పోర్టు నెంబరు మీదే ఉంటుంది, అదే చూపించి లోపలికి వెళ్లాలి, కాబట్టి పాస్‌పోర్టుని సూట్‌కేసు అడుగున పెట్టుకోకండి. చైనాలో మెడిసిన్ చదివే పిల్లల్ని చూడ్డానికి వెళ్లే మన తల్లిదండ్రులకైతే ఇది మరీ మంచి అవకాశం. పిల్లలకి అక్కడి పద్ధతులు, ఎంతోకొంత భాష అలవాటై ఉంటాయి, గుయిలిన్ వరకు వాళ్లనీ వెంటబెట్టుకుని వెళ్లండి.

ఎప్పుడు వెళ్లాలి అంటే సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా. వానలు తగ్గుతాయి, ఎండ మాడ్చదు, పైగా సెప్టెంబరు, అక్టోబరులో ఊరంతా ఆస్మాంథస్ చెట్లు పూస్తాయి. గోరంత కూడా ఉండని పసుపు పూలు, కొమ్మ దగ్గరికి వెళ్లి వెతికితే తప్ప కనిపించవు, వాసన మాత్రం వీధి మలుపు తిరగక ముందే తగులుతుంది. అయితే అక్టోబరు 1 నుంచి 7 వరకు చైనా మొత్తానికీ సెలవులు, ఆ వారం జోలికి మాత్రం పోవద్దు, హోటల్ రేట్లు మండిపోతాయి, గుహలో ముందు మనిషి వీపు తప్ప ఏమీ కనిపించదు. మే మొదటి వారం, చైనా కొత్త సంవత్సరం రోజులు కూడా అంతే. ఏప్రిల్ నుంచి జూన్ వరకు వానలు బాగా పడతాయి. 2024 జూన్‌లో లీ నది పొంగి ఊళ్లోకి నీళ్లు వచ్చేశాయి, 1998 తర్వాత అంత వరద అదే. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి.

ఫోన్ విషయంలో మూడు పనులు ఇక్కడే, ఇంట్లో కూర్చునే చేసుకోండి. చైనాలో డబ్బు చెల్లించే యాప్ అలీపే వేసుకుని, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ దానికి కలపండి, బస్సులో, నూడుల్స్ కొట్లో, గుడి దగ్గర పండ్లమ్మే అవ్వ దగ్గర కూడా క్యూఆర్ కోడే ఉంటుంది. 200 యువాన్ల లోపు చెల్లింపులకి విదేశీ కార్డుల మీద అదనపు ఛార్జీ పడదు, పైన అయితే 3 శాతం పడుతుంది. రెండోది మ్యాప్. గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోవద్దు, అక్కడివాళ్లంతా వాడే ఆమ్యాప్ వేసుకోండి. మూడోది ఇంటికి ఫోన్లు. హోటల్ వైఫైలో వాట్సాప్ రాదు, మన సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ మాట ముందే చెప్పండి, లేకపోతే మెసేజ్‌కి జవాబు లేదని వాళ్లు అక్కడ టెన్షన్ పడతారు.

బస షాన్ చెరువు చుట్టుపక్కల చూసుకోండి. నది ఒడ్డు, చెరువులు, జెంగ్‌యాంగ్ నడక వీధి, ఏనుగు కొండ అన్నీ నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి. రైల్వే స్టేషన్ దగ్గర కొంచెం చవగ్గా దొరుకుతుంది గానీ, రాత్రి చెరువు గట్టున తిరిగి తిరిగి అలసిపోయాక మళ్లీ బస్సు వెతుక్కోవాలి.

మొదటి రోజు పొద్దున్నే ఏనుగు కొండ. నదిలోకి తొండం దించి నీళ్లు తాగుతున్న ఏనుగులా ఉంటుంది, గుయిలిన్‌కి గుర్తు అదే. 2022 నుంచి లోపలికి టికెట్ లేదు, కాకపోతే ముందుగా పేరు నమోదు చేసుకోవాల్సి రావచ్చు, కాబట్టి ముందు రోజు సాయంత్రమే హోటల్ రిసెప్షన్లో అడిగి చేయించుకోండి. ఎనిమిది లోపే వెళ్లండి. నది తూర్పు వైపు ఉంటుంది కాబట్టి పొద్దుటెండ నేరుగా కొండ మీద పడుతుంది, ఫొటోలకి అంతకన్నా మంచి సమయం లేదు. తొండానికీ ఒంటికీ మధ్య ఉన్న గుండ్రటి రంధ్రం నీళ్లలో పడి నిండు చందమామలా కనిపిస్తుంది, కానీ నీళ్లు కదలకుండా ఉండాలి, పడవలు తిరగడం మొదలయ్యాక ఆ నీడ చెదిరిపోతుంది.

అక్కడి నుంచి సెవెన్ స్టార్ పార్కుకి వెళ్లండి, నదికి అవతలి ఒడ్డున. ఊళ్లోని పార్కుల్లో ఇదే పెద్దది, నాకైతే గుయిలిన్‌లో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. కారణం కొండలు కాదు, మనుషులు. పొద్దున తాయ్‌చీ వ్యాయామం చేసేవాళ్లు, పక్షుల పంజరాలు చెట్లకి తగిలించి కబుర్లు చెప్పుకునే తాతలు, స్పీకరు పెట్టుకుని వరసలు కట్టి డాన్సు చేసే ఆంటీలు, వాళ్ల మధ్య మీరు కాసేపు ఊరికే కూర్చోండి. సోంగ్ రాజుల కాలంలో మొదట కట్టిన ఫ్లవర్ బ్రిడ్జ్ మీదుగా లోపలికి నడిస్తే ఒంటె కొండ వస్తుంది, నిజంగానే ఒంటె కూర్చున్నట్టే ఉంటుంది. 1998 జులైలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ గుయిలిన్ వచ్చినప్పుడు ప్రసంగం చేసింది ఈ కొండ ముందే. పార్కులోనే రాతి శాసనాలున్న చోటు ఒకటి ఉంది, తాంగ్ రాజుల కాలం నుంచి కవులూ అధికారులూ కొండ గోడల మీద చెక్కించుకున్న రాతలు. చదవడం రాకపోయినా పరవాలేదు, ఉలి ఎంత లోతుకి దిగిందో, ఏ అక్షరం వాన నీటికి అరిగిపోయిందో దగ్గరగా చూడండి. 1944లో జపాన్ సైన్యం గుయిలిన్ మీద పడినప్పుడు సెవెన్ స్టార్ గుహలో చిక్కుకుని వందల మంది చైనా సైనికులు చనిపోయారు, వాళ్ల స్మారకం కూడా ఈ పార్కులోనే ఉంది. అక్కడ గట్టిగా మాట్లాడకండి, పిల్లలకి కూడా చెప్పండి.

సెవెన్ స్టార్ గుహ చూడాలంటే వేరే టికెట్. రెండు గుహలకి టైం లేదంటే ఇది వదిలేసి రీడ్ ఫ్లూట్ గుహకే వెళ్లండి.

రీడ్ ఫ్లూట్ గుహని మధ్యాహ్నానికి ఎందుకు పెట్టమంటున్నానంటే, బయట ఎండ మండుతున్నా, వాన కురుస్తున్నా లోపల ఏడాదంతా దాదాపు ఒకటే చల్లదనం, 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఊరికి వాయవ్యాన ఉంది, 3 నెంబరు సిటీ బస్సు వెళ్తుంది, ఎక్కే ముందు మ్యాప్‌లో ఒకసారి సరిచూసుకోండి. టికెట్ 100 యువాన్ల చుట్టుపక్కల ఉంటుంది. గుహ లోతు 240 మీటర్లు, నడక దారి 500 మీటర్ల దాకా, ఒక వైపు నుంచి వెళ్లి మరో వైపు నుంచి బయటికి వస్తారు. పలచటి చొక్కాతో వెళ్తే చలేస్తుంది, ఒక షాల్ పట్టుకెళ్లండి. నేల తడిగా ఉంటుంది, హవాయి చెప్పులు వద్దు.

మన బొర్రా గుహలు చూసినవాళ్లకి లోపలి దృశ్యం కొంత తెలిసినట్టే ఉంటుంది, అదే సున్నపురాయి, అదే తీరు. వాన నీళ్లు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని పలచటి ఆమ్లంగా మారి రాయిని కరిగిస్తాయి, ఆ నీళ్లు గుహ కప్పు నుంచి కారేటప్పుడు వాయువు బయటికి పోయి, కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. పైనుంచి దిగేవీ కింద నుంచి లేచేవీ వేల ఏళ్లకి కలుసుకుని స్తంభాలవుతాయి. ఊరి చుట్టూ ఉన్న కొండలు కూడా ఇలా కరగ్గా మిగిలినవే, దక్షిణ చైనా సున్నపురాతి నేలల్లో భాగంగా 2014లో యునెస్కో జాబితాలో గుయిలిన్ చేరింది అందుకే. తేడా ఏంటంటే ఇక్కడ రంగు లైట్లు చాలా ఎక్కువ. ఊదా, ఎరుపు, ఆకుపచ్చ, ప్రతి రాయికీ ఒక రంగు, ఒక పేరు. కొందరికి అది చిరాకు. నేను చెప్పేది ఒకటే, గుంపుతో పరిగెత్తకుండా వెనకపడండి. ఎక్కడైనా తెల్ల లైటు పడిన చోట కప్పు నుంచి వేలాడే రాయి కొసని చూడండి. తడిగా మెరుస్తూ ఒక బొట్టు నిలబడి ఉంటే ఆ రాయి ఇంకా పెరుగుతోందని అర్థం, మసకబారి ఎండిపోయి ఉంటే నీళ్లు దారి మార్చుకున్నాయని. ఇది పిల్లలకి చూపిస్తే ఇక వాళ్లే ప్రతి రాయినీ వెతుకుతారు. చేత్తో ముట్టుకోనివ్వకండి, మన చేతి జిడ్డు అంటితే నీళ్లు అక్కడ నిలవవు, రాయి పెరగడం ఆగిపోతుంది.

చివర్లో వచ్చే పెద్ద హాలుని క్రిస్టల్ ప్యాలెస్ అంటారు, వెయ్యి మంది పట్టేంత. అక్కడ కూర్చుని కళ్లు చీకటికి అలవాటు పడనివ్వండి. గోడల మీద సిరాతో రాసిన పాత రాతలు 70కి పైగా ఉన్నాయి, అన్నిటికంటే పాతది 792 నాటిది. అంటే పన్నెండు వందల ఏళ్ల కిందట ఎవరో కాగడా పట్టుకుని ఇక్కడిదాకా వచ్చి పేరు రాసుకున్నారు. ఆ తర్వాత జనం దాదాపు మర్చిపోయిన ఈ గుహ మళ్లీ 1959లో బయటపడింది, 1962లో సందర్శకులకి తెరిచారు.

ఇక చెరువులు. పగలు చూస్తే మామూలు పార్కు చెరువుల్లాగే అనిపించవచ్చు, అందుకే చీకటి పడేదాకా ఆగమంటున్నాను. మూలోంగ్, గుయి, రోంగ్, షాన్, ఈ నాలుగింటినీ లీ, తావోహువా నదులతో కలిపి 2002లో మళ్లీ ఒకే జలమార్గం చేశారు. రోంగ్, షాన్ చెరువులు ఒకప్పుడు కోట అగడ్త. షాన్ చెరువులో జంట గోపురాలుంటాయి, రాగితో కట్టిన సూర్య గోపురం 41 మీటర్లు, చంద్ర గోపురం 35 మీటర్లు, ఒకటి బంగారంలా, ఒకటి వెండిలా వెలుగుతాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి నీళ్ల అడుగున సొరంగ మార్గం ఉంది, టికెట్ కొని వెళ్లొచ్చు, కానీ అందం మాత్రం గట్టు మీద నుంచి చూసినప్పుడే. గట్టు చుట్టూ నడకకి పైసా ఖర్చు లేదు. షాన్ చెరువు నుంచి మొదలుపెట్టి, రోడ్డు దాటి రోంగ్ చెరువు గట్టు మీద నెమ్మదిగా నడిస్తే పాత దక్షిణ ద్వారం, దాని పక్కన ముసలి మర్రి, ఆ తర్వాత గాజు వంతెన వస్తాయి.

రాత్రి పడవకి 200 యువాన్ల పైనే అవుతుంది. నడవలేని పెద్దవాళ్లు ఉంటే తీసుకోండి, లేకపోతే నడకే మేలు. టికెట్లలో రకాలుంటాయి, నాలుగు చెరువులూ తిప్పేదా, కొన్నే తిప్పేదా అని అడగకుండా డబ్బు కట్టవద్దు. వీధిలో చేయి పట్టుకుని సగం రేటుకి ఇప్పిస్తామనేవాళ్లని దాటుకుని వెళ్లిపోండి. చవక వన్-డే టూర్లూ అంతే, జేడ్ రాళ్ల షాపు, టీ షాపు తిప్పి చివరికి కొండని దూరం నుంచి చూపిస్తారు.

రెండో రోజు పొద్దున దూషియు శిఖరం. మింగ్ రాజవంశపు రాకుమారుల కోట లోపల ఒంటరిగా నిలబడిన కొండ ఇది. ఆ కోట కట్టడం 1372లో మొదలైంది, అంటే బీజింగ్ ఫర్‌బిడెన్ సిటీ కంటే ముందు. ఇప్పుడు అక్కడ గ్వాంగ్షీ నార్మల్ యూనివర్సిటీ క్యాంపస్ కూడా ఉంది. మెట్లు 306, బాగా నిటారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఆగిపోవడం మంచిది. పైకెక్కితే మాత్రం ఊరు, నది, చెరువులు, వాటి మధ్య లేచిన కొండలు నాలుగు దిక్కులా కనిపిస్తాయి, నిన్న నడిచిన దారంతా అక్కడి నుంచి చూస్తేనే అర్థమవుతుంది. అక్కడి నుంచి నది ఒడ్డునే ఫూబో కొండ దగ్గర, బుద్ధుడి శిల్పాలున్న గుహ చూసి, ఓపికుంటే డియెత్సాయ్ కొండ కూడా ఎక్కండి.

తిండి గురించి. గుయిలిన్ మనిషి పొద్దున్నే తినేది మీఫెన్, గుండ్రటి బియ్యం నూడుల్స్. కొట్లో లియాంగ్ లెక్కన అడుగుతారు, ఒక లియాంగ్ అంటే 50 గ్రాములు, మన ఆకలికి మూడు చాలు. గిన్నె చేతికొచ్చాక పక్క బల్ల మీద పులియబెట్టిన అలసంద కాయల ముక్కలు, కారం, ఉల్లికాడలు మీరే వేసుకోవాలి. ముందు పొడిగా కలుపుకుని తినేసి, చివర్లో వేడి రసం పోసుకుంటారు. మాంసం తిననివాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, పైన ముక్కలు తీసేసినా ఆ రసం ఎముకలతో కాచిందే. అందుకే మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు, ఎముకల రసం ఏదీ వద్దని చైనీస్‌లో అనువదించి ఫోన్లో దాచుకోండి, ఊరికే శాకాహారం అంటే సరిపోదు. కారం ప్రియులు మాత్రం గుయిలిన్ మిరప సాస్ ఒక సీసా కొనుక్కోండి, వెల్లుల్లి, పులిసిన నల్ల సోయా వేసి చేస్తారు, వేడన్నంలోకి చాలా బాగుంటుంది. చేతి బ్యాగులో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు, చెక్-ఇన్ సామానులో వేయండి.

తిరుగు ప్రయాణం రోజు టికెట్ మీద గుయిలిన్ అని ఉందా, గుయిలిన్ నార్త్ అని ఉందా చూసుకోండి. రెండూ వేర్వేరు స్టేషన్లు, రెండిటి నుంచీ బుల్లెట్ ట్రైన్లు ఉన్నాయి, ఒకచోట దిగి ఇంకోచోటికి పరిగెత్తేలోపు బండి వెళ్లిపోతుంది. సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది కాబట్టి గంట ముందే అక్కడ ఉండండి.