పడవ మీద టేకు: నల్లబడినా, సందుల్లో నీరు దిగినా, వార్నిష్ లేచినా

తెరచాప పడవ బయటి టేకును ఎండావానల కన్నా మన శుభ్రమే ఎక్కువగా అరగదీస్తుంది. బొంబాయిలో టేకుతో కట్టి 1817లో నీటిలోకి దింపిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నేటికీ తేలుతోంది. కర్ర చేవ అలాంటిది. కాకపోతే ఆ ఓడ పలకలు మందమైనవి. విహార పడవల డెక్ (మనం నడిచే పైతలం) మీద పరిచే టేకు చాలావరకు 6 నుంచి 12 మి.మీ. మాత్రమే. అందుకే ఏ సమస్యకైనా కర్ర తక్కువ పోయే మార్గం ముందు చూడాలి, ఉప్పుకాగితం చివరికి.

టేకు బూడిదరంగుకు తిరిగింది

ఇది జబ్బు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలో కర్ర నారలను అంటిపెట్టి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన నార వెండిరంగులో కనిపిస్తుంది. లోపలి కర్రకు ఏమీ కాదు. డెక్ మీదైతే ఈ రంగును అలాగే ఉంచడమే మంచిది. డెక్‌కు వార్నిష్ మాత్రం వేయకండి, తడిస్తే కాలు జారుతుంది.

వారానికోసారి సాయంత్రం పూట బకెట్టుతో సముద్రపు నీళ్ళు పోసి, మెత్తటి స్పాంజితో నారకు అడ్డంగా తుడిస్తే చాలు. ఉప్పునీరు బూజును ఎదగనివ్వదు, పలకల్లో తేమ నిలిపి సందులు బిగువుగా ఉంచుతుంది. మంచినీళ్ళతోనే కడుగుతూ ఉంటే బూజు తొందరగా పడుతుంది.

నల్ల మచ్చలు

మచ్చలు రెండు రకాలు, మందులూ వేరు. ఒక పాలు ఇంటి బ్లీచ్‌కు నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపి, మచ్చ మీద ఒక్క చుక్క వేసి కొన్ని నిమిషాలు ఆగండి. రంగు తేలిపోతే బూజు. కదలకపోతే ఇనుము మరక.

బూజుకు నీళ్ళలో కరిగించిన బోరాక్స్ గానీ, బోరాన్ ఉన్న పాచి మందు గానీ పట్టించి, కాసేపు నాననిచ్చి మెత్తటి బ్రష్‌తో తుడవాలి. బ్లీచ్‌తో డెక్ అంతా కడిగితే నార బలహీనపడుతుంది, సందుల్లోని సీలెంట్‌కూ (నీరు దిగకుండా నింపే రబ్బరులాంటి పదార్థానికీ) చేటు.

ఇనుము టేకులోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిస్తే ఈ మరక వస్తుంది. కరక్కాయ రసంలో అన్నభేది (ఇనుప లవణం) పడితే సిరా అయినట్టే ఇక్కడా జరుగుతుంది. గ్రైండర్ నుంచి రాలిన పొడి, మామూలు ఇనుప స్క్రూ, స్టీల్ ఊలు ముక్కలు దీనికి మూలం. స్టీల్ ఊలును పడవ ఎక్కనివ్వకండి, కంచు ఊలు వాడండి. మరక పోగొట్టడానికి లీటరు గోరువెచ్చని నీటిలో 60 నుంచి 80 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం ప్లాస్టిక్ బకెట్‌లో కలపండి. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి, పొడి ముక్కుకు తగలకూడదు. చుట్టూ ఉన్న ఫైబర్‌గ్లాస్‌నూ లోహపు భాగాలనూ ముందే తడిపి ఉంచి, ద్రావణం పూసి 15–20 నిమిషాలు వదిలి, ధారాళంగా కడగండి. లీటరుకు చెంచాడు వంటసోడా కలిపిన నీళ్ళతో ఇంకోసారి కడిగితే మిగిలిన ఆమ్లం విరుగుతుంది. అసలు మూలమైన స్క్రూను మార్చకపోతే మరక మళ్ళీ వస్తుంది.

బ్లీచ్, ఆక్సాలిక్ ఆమ్లం ఒకే బకెట్‌లో గానీ ఒకే పూట ఒకే చోట గానీ కలవకూడదు. విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది.

కూర నూనె, డీజిల్ చుక్కలు పడితే ఆలస్యం చేయకుండా ముల్తానీ మట్టి మందంగా చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి, గిన్నెల సబ్బుతో కడిగేయండి.

పలక మీద గాళ్ళు పడ్డాయి, చేతికి గట్లు తగులుతున్నాయి

నార వెంబడి గరుకు బ్రష్‌తో రుద్దడం వల్ల వచ్చేది ఇది. ప్రెషర్ వాషర్ ఇంకా ఘోరం. టేకులో గట్టి గీతల మధ్య మెత్తటి భాగం ఉంటుంది. రుద్దుడుకు అది కొట్టుకుపోయి గాళ్ళు మిగులుతాయి, వాటిలో మురికి నిలుస్తుంది, మళ్ళీ రుద్దాలనిపిస్తుంది. రెండు సీసాల క్లీనర్లదీ అదే కథ. మొదటిదాంట్లో ఘాటైన క్షారం, రెండోదాంట్లో దాన్ని విరిచే ఆమ్లం. డెక్ కొత్తదానిలా మెరుస్తుంది కానీ మెత్తటి నార కరిగిపోతుంది, పాత పాలీసల్ఫైడ్ సీలెంట్ మెత్తబడుతుంది.

నునుపు చేయాలంటే ముందు మందం కొలవండి. సీలెంట్ ఊడిన సందులో గానీ, స్క్రూ తలను కప్పే చెక్క బిరడా ఊడిన రంధ్రంలో గానీ స్కేలు దించితే తెలుస్తుంది. 6 మి.మీ. కన్నా తక్కువుంటే సాండింగ్ మాటెత్తకండి. ఎక్కువుంటే 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 120తో ముగించండి. గాళ్ళు పూర్తిగా పోయేదాకా తీయక్కర్లేదు, సగం తగ్గితే చాలు.

సందుల్లో సీలెంట్ లేచింది, కింద క్యాబిన్‌లో చెమ్మ

అన్నిటికన్నా ఖరీదైన తప్పిదాలు ఇక్కడే. కారుతున్న సందును కనిపెట్టడానికి డెక్‌ను బాగా తడిపి ఆరనివ్వండి. మిగతాదంతా ఆరాక కూడా ఏ సందు అంచున సన్నటి నల్లటి తడిగీత నిలిచి ఉంటుందో, అక్కడ సీలెంట్ కర్రను వదిలేసింది.

సీలెంట్ సందుకు రెండు పక్కలా మాత్రమే అంటాలి. అడుగున కూడా అంటుకుంటే, కర్ర తడికి ఉబ్బి ఎండకు ముడుచుకున్నప్పుడు మూడు వైపులా లాగబడి చిరిగిపోతుంది. పాతదాని మీద కొత్తది రాయడం కూడా వృథా, పట్టదు.

వంకర కొక్కెంతో పాత సీలెంట్ మొత్తం లాగేయండి. పక్కగోడలను 80 నంబరు కాగితంతో రుద్ది, దుమ్ము పీల్చి, అసిటోన్ గుడ్డతో తుడవండి. టేకులో సహజ నూనె ఉంటుంది కాబట్టి ఈ తుడుపు మానేస్తే ఎంత మంచి సీలెంటైనా పట్టదు. అసిటోన్ ఆరాక, సందు అడుగున సన్నటి బాండ్‌బ్రేకర్ టేపు (సీలెంట్ అడుగుకు అంటకుండా ఆపేది) పరవండి. లోతు కనీసం 4–5 మి.మీ. ఉండాలి. సీలెంట్ ట్యూబు ముక్కును అడుగుకు ఆనించి, కింద నుంచి పైకి నిండేలా లాగుతూ రండి, లేకపోతే గాలి బుడగలు లోపల చిక్కుకుంటాయి. పైకి కాస్త పొంగేలా నింపి, డబ్బా మీద రాసినన్ని రోజులు పూర్తిగా గట్టిపడనిచ్చి, ఆ తర్వాతే ఉలితో కోసి సాండింగ్ చేయండి. జూన్ నుంచి నవంబరు దాకా మన కోస్తాలో ఈ పని పెట్టుకోకండి. వాన, తుపాను ఏది వచ్చినా తెరిచిన సందులోకి నీరు దిగుతుంది.

డెక్ కాలికింద మెత్తగా నొక్కుకుపోతుంటే, స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి చోట టంగుమంటుంది, లోపల కుళ్ళిన చోట శబ్దం డొల్లగా వస్తుంది. అంటే టేకు కింద ఉన్న బాల్సా అనే తేలిక చెక్క పొరకే నీరు పట్టింది. దాన్ని పైనుంచి సీలెంట్‌తో బాగుచేయలేం, ఆ భాగాన్ని తెరవాల్సిందే.

చెక్క బిరడాలు ఊడాయి, స్క్రూ తల కనిపిస్తోంది

కర్ర అరిగి బిరడా పలచబడినందువల్ల. స్క్రూ విప్పి, అది కూర్చునే గుంటను బర్మాతో కాస్త లోతు చేయండి. బిరడాకు కనీసం 3–4 మి.మీ. లోతు చిక్కాలి. స్క్రూను సీలెంట్‌లో ముంచి తిరిగి బిగించండి, లేకపోతే ఆ రంధ్రమే నీటికి దారి. టేకు బిరడాకు ఎపాక్సీ జిగురు పూసి, దాని నార పలక నారతో కలిసేలా తిప్పి దిగగొట్టి, ఆరాక ఉలితో రెండు దఫాలుగా చదును చేయండి. ఒకేసారి కోస్తే బిరడా లోపలికి చీలుతుంది.

అంచు పట్టీల మీద వార్నిష్ పసుపు తెల్లగా మారి పొరలు లేస్తోంది

జాయింటు దగ్గరో, స్క్రూ పక్కనో చిన్న పగులులోంచి తేమ దూరింది. గోరంత మచ్చ ఉండగానే ఆ చోటు గోకి, ఆరనిచ్చి, అంచులు పలచగా సాండ్ చేసి నాలుగైదు పూతలు వేస్తే సరిపోతుంది. వదిలేస్తే మొత్తం తీయాలి: హీట్‌గన్‌తో మెత్తబరిచి, గీకుడు బ్లేడుతో నార వెంబడి తీసి, 80 తర్వాత 120 నంబరు కాగితం, మచ్చలకు ఆక్సాలిక్, కడిగి బాగా ఆరబెట్టడం.

తర్వాత అసిటోన్‌తో తుడిచి మొదటి పూత సగానికి సగం థిన్నర్‌తో, రెండోది పావు వంతు, మూడోది పదో వంతు కలిపి వేయండి. ఆపై చిక్కగా, మొత్తం ఆరు నుంచి ఎనిమిది. మూడో పూత నుంచి పూతకూ పూతకూ మధ్య 220 లేదా 320 కాగితం. డబ్బా ఊపకండి, బుడగలు వస్తాయి. పుల్లతో మెల్లగా కలపండి. మండుటెండలో వేసినా పైన తోలుకట్టి బుడగలు చిక్కుతాయి. చలికాలంలో మంచు పూర్తిగా ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నం రెండింటికల్లా ఆపేయాలి, రాత్రి మంచు తగిలితే మెరుపు పోతుంది.

ఎన్ని రోజులైనా జిగటగా ఉంటే కారణం నూనె తుడవకపోవడమో, పూత మందంగా వేయడమో. పైన ఇంకో పూత వేస్తే మరింత ఇబ్బంది. గోకి మొదటి నుంచి రావాలి. మన ఎండకు ఏడాదికి రెండు తాజా పూతలు లేకపోతే ఏ వార్నిషూ నిలవదు.

నూనె పట్టించాక నల్లబడి అంటుకుంటోంది

టేకు నూనె పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు అవిసె నూనె, టర్పెంటైన్ లాంటి ద్రావకమే ఉంటుంది. అవిసె నూనె ఎండకు నల్లబడుతుంది, బూజుకు తిండి అవుతుంది. సబ్బునీళ్ళతో కడిగి, నెమ్మదిగా పోనివ్వండి. మళ్ళీ వేయాలంటే పలచగా పట్టించి 15 నిమిషాల్లో మిగులు తుడిచేయండి. తుడిచిన గుడ్డలను ముద్దగా పడేస్తే వాటంతటవే నిప్పంటుకుంటాయి. విడదీసి ఆరుబయట పరవండి, లేదా నీళ్ళ బకెట్‌లో వేయండి.