ఆర్ భాషలో లెక్కలు – 7వ పాఠం: గుంపుకొక పిలుపు వద్దు

గత పాఠంలో గుంటూరు మిర్చి యార్డును తలచుకుని ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక పట్టిక తయారు చేసుకున్నాం: తేదీ, కమిషన్ వ్యాపారి, రకం, క్వింటాళ్లు, క్వింటా ధర. అంకెలన్నీ మనం కల్పించినవే, వరుసలు 50 లక్షలు. తేదీ, వ్యాపారి, రకం కలిసిన ప్రతి గుంపుకూ భారిత సగటు ధర (తూకాన్ని బట్టి లెక్కించే సగటు) కట్టమన్నాను. మీ కంప్యూటర్ ఆ లెక్క దగ్గర నిమిషాల తరబడి ఆగిపోయి ఉంటే తప్పు దానిది కాదు, మనం అడిగిన తీరుది.

సగటులో భారం ఎందుకో ముందు చూడండి. ఒక వ్యాపారి దగ్గర ఒకే రోజు తేజ రకం రెండు లాట్లు అమ్ముడయ్యాయి: 10 క్వింటాళ్లు 12,000 చొప్పున, 30 క్వింటాళ్లు 16,000 చొప్పున. ధరలు రెండూ కూడి సగం చేస్తే 14,000. కానీ 40 క్వింటాళ్ల సరుకు విలువ 6,00,000, అంటే క్వింటాకు 15,000. తూకం వదిలేస్తే వెయ్యి రూపాయలు గల్లంతు!

పట్టికను స్ప్లిట్ అనే ఆజ్ఞతో ముక్కలు చేసి, ల్యాప్లై అనే ఆజ్ఞతో ఒక్కో ముక్కకూ వెయిటెడ్ మీన్ (భారిత సగటు) ఫంక్షన్‌ను పిలవడం అందరికీ అలవాటైన దారి. రెండు లాట్లున్న గుంపులో కూడిక రెప్పపాటు కూడా పట్టదు. ముక్క కోయడానికి, ఫంక్షన్‌ను పిలవడానికే కాలమంతా పోతుంది. లక్ష గుంపులుంటే లక్ష పిలుపులు. గుంపుకొకసారి పట్టికంతా వడపోసే లూప్ రాస్తే మరీ ఘోరం. అది మాత్రం ఎప్పుడూ రాయకండి.

మందు చాలా చిన్నది. గుంపుల జోలికి వెళ్లకముందే ధరను క్వింటాళ్లతో గుణించి ‘విలువ’ అనే కొత్త కాలమ్ చేయండి. 50 లక్షల వరుసలకూ అది ఒక్క ఆజ్ఞ. తరువాత గుంపులవారీగా విలువ మొత్తం, క్వింటాళ్ల మొత్తం, ఈ రెండే అడగండి. భాగహారం ఫలితాల పట్టికలో చివరన చేయండి.

ఈ కూడికలకు డేటా.టేబుల్ ప్యాకేజీ (ఆర్‌కు అదనంగా చేర్చుకునే ఆజ్ఞల కట్ట) వాడండి. అది వరుసలను రాడిక్స్ పద్ధతిలో సర్దుతుంది. విలువలను ఒకదానితో ఒకటి పోల్చకుండా, బైట్లను బట్టి అరల్లో వేసుకుంటూ పోతుంది. (2016లో వచ్చిన ఆర్ 3.3.0 నుంచి ఈ పద్ధతి మూల ఆర్‌లోనూ ఉంది.) కాలమ్ మీద సాదా సమ్, మీన్ మాత్రమే అడిగితే ఆర్‌ను గుంపుకొకసారి పిలవకుండా, అన్ని గుంపులనూ సి భాషలోనే ఒక్క విడతలో కూడేస్తుంది. ఈ సదుపాయం పేరు జీఫోర్స్. వెర్బోస్ అనే ఐచ్ఛికాన్ని ట్రూ (అవును) చేసి నడిపితే అది పనిచేసిందో లేదో తెర మీదే కనిపిస్తుంది. ప్రతిసారీ చూడండి, ఊహించుకోకండి.

ఇక్కడ ఒక గుంట ఉంది. పై వ్యాపారికి 20 క్వింటాళ్ల మూడో లాటు ఉండి, దాని ధర నమోదు కాలేదనుకోండి. ఖాళీలను తీసేసి కూడమంటే విలువ మొత్తం 6,00,000 దగ్గరే ఉంటుంది, తూకం మాత్రం 60కి పెరుగుతుంది. సగటు 10,000కు పడిపోతుంది, హెచ్చరిక ఒక్కటీ రాదు. అందుకే ధర లేని వరుసలో క్వింటాళ్లనూ ఖాళీ చేసి, ఆ తరువాతే కూడండి.

ఇంటిపని: పాత దారి, కొత్త దారి రెండింటినీ సిస్టమ్.టైమ్‌తో కొలవండి. ముందు 1,000 గుంపులతో, తరువాత లక్ష గుంపులతో. జవాబులు రెండింటిలో ఒకటేనో కాదో ఆల్.ఈక్వల్‌తో సరిచూడండి. మధ్యగతం (వరుసలో సరిగ్గా నడిమి విలువ) ఇలా కూడికలతో రాదు. దాని సంగతి 8వ పాఠంలో.